తారీకు లేని హక్కు

మమ్మల్ని ప్రభుత్వానికి అల్లుళ్లంటారు. కాలేజీలో విన్నాను, బస్సులో విన్నాను, ఉద్యోగంలో చేరాక స్టాఫ్ రూములోనూ వింటన్నాను. ఫీజు కట్టక్కర్లేదట, పుస్తకాలు కొనక్కర్లేదట, కూర్చోబెట్టి మేపుతారట. సరే, అల్లుళ్లమే అనుకుందాం. సంక్రాంతికి పిలిచి, మళ్లీ ఏడాది దసరాకి విస్తరేసే మామని మీరెక్కడైనా చూశారా? ఈ మామ అలాంటోడు. పెడతానంటాడు, ఎప్పుడు పెడతాడో చెప్పడు. ఆకలి మాత్రం ఏ పూటకాపూట వేస్తది.

మన చదువుల చరిత్ర రాసినవాళ్లు ప్రభుత్వం ఎంత ఇచ్చిందో రాశారు. ఏ ఏడాది ఏ పథకం పెట్టిందో, ఏ ముఖ్యమంత్రి ఏ పేరు తగిలించాడో రాశారు. ఇస్తానన్నది మా చేతికి ఏ తారీకున అందిందో ఎవరూ రాయలేదు. ఆ రాయని చరిత్ర ఇక్కడ రాస్తున్నాను. నేను పెద్ద పరిశోధకురాల్ని కాదు. సబ్బవరం పక్కన పేటలో పుట్టి, మా ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకుని, సర్కారు బడిలో పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని. మా అమ్మ చెరుకు నరికింది, బెల్లం పాకల దగ్గర పిప్పి ఎత్తింది. మా అయ్య బుగతల పొలాల్లో కంబారితనం చేశాడు. ఆళ్లిద్దరికీ తారీకంటే బాకీ కట్టాల్సిన తారీకే. రావాల్సిన తారీకు ఒకటుంటదని ఆళ్లకి తెలీదు.

బాబాసాహెబ్ జీవితంతోనే మొదలుపెడతాను. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు ఆయనకి నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్లకు స్కాలర్‌షిప్పు ఇచ్చాడు. ఆయన న్యూయార్క్ వెళ్లి కొలంబియాలో చదివాడు. 1916లో లండన్ చేరి అక్కడ ఇంకో చదువు మొదలెట్టాడు. 1917లో స్కాలర్‌షిప్పు గడువైపోయింది. చదువు మధ్యలో ఆపి ఓడెక్కాల్సొచ్చింది. ఒప్పందం ప్రకారం బరోడాలో కొలువు చేయడానికి వెళ్తే, అంత చదివినవాడికి ఆ ఊళ్లో అద్దెకి ఇల్లు పుట్టలేదు. కొలువొదిలి బొంబాయి వచ్చి, సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి నాలుగు డబ్బులు వెనకేసుకుని, కొల్హాపూర్ శాహూ మహారాజు సాయమూ, నవల్ భతేనా అనే స్నేహితుడి దగ్గర అప్పూ తీసుకుని 1920లో తిరిగి లండన్ చేరాడు. 1923లో గానీ డి.ఎస్సీ. చేతికి రాలేదు. చూడండి, ఇచ్చేవాడి గడువు మన మీద కత్తిలాగ పడతది. ఆ కత్తికి ఎదురు నిలబడ్డానికి బాబాసాహెబ్‌కి కూడా అప్పే దిక్కయింది.

అందుకే కాబోలు, ఆయన అధికారంలోకి వెళ్లగానే రాజులిచ్చే దయాధర్మం కాకుండా సర్కారు పద్దు అడిగాడు. 1942లో వైస్రాయ్ కౌన్సిల్లో సభ్యుడయ్యాక అదే ఏడాది అక్టోబర్ 29న షెడ్యూల్డు కులాల కష్టాల మీద వైస్రాయ్ లిన్‌లిత్‌గోకి ఒక మహజరు ఇచ్చాడు. పై చదువులకి డబ్బియ్యమన్నది అందులో ముఖ్యమైన కోరిక. 1944లో భారత ప్రభుత్వం షెడ్యూల్డు కులాల కాలేజీ విద్యార్థులకి ఏడాదికి 3 లక్షల రూపాయలు పద్దు పెట్టింది. ఈనాడు మనం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు అంటున్నదానికి వేరు అదే. తర్వాత కొద్ది ఏళ్లకే గిరిజనులకీ వర్తింపజేశారు. దయ పోయి హక్కు వచ్చింది. హక్కు వచ్చింది గానీ దానికి తారీకు రాలేదు. ఎంత ఇవ్వాలో రాసుకున్నారు. ఎప్పటికి ఇవ్వాలో, ఇవ్వకపోతే ఏం చేయాలో రాసుకోలేదు.

ఇక మా వైపు సంగతి. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టింది, 1930లో వాల్తేరు వచ్చింది. 1933లో విశాఖ పోర్టు తెరిచారు. 1966లో ఉక్కు కోసం జనం ప్రాణాలిచ్చారు, 1992లో ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశారు. సబ్బవరం నుంచి పట్నం పోయే బస్సెక్కితే మా పేట పిల్లలకి రెండు దార్లుండేవి. ఒకటి వాల్తేరు మెట్ట మీద యూనివర్సిటీకి, రెండోది పోర్టు గేటుకి. ఎవరు ఏ దారి పట్టాలో తెలివి తేల్చిందని లోకం అనుకుంటది. మా పేటలో అది తేల్చింది స్కాలర్‌షిప్పు వచ్చిన నెల.

మా అన్న నాకంటే ఐదేళ్లు పెద్ద. లెక్కల్లో నాకంటే ఎంతో గట్టివాడు. 2003లో పట్నంలో ఒక కాలేజీలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. ఆ ఏడే కేంద్రం రేట్లు సవరించింది. ఇంటి దగ్గర్నుంచి వెళ్లొచ్చే డిగ్రీ విద్యార్థికి నెలకు 185 రూపాయలు, హాస్టల్లో ఉంటే 355. పది నెలలకి అన్నకి రావాల్సింది 1,850 రూపాయలు. జూన్‌లో ఫీజుకీ బస్సు పాసుకీ పుస్తకాలకీ అయ్య నూటికి మూడు వడ్డీకి 2,000 తెచ్చాడు. స్కాలర్‌షిప్పు రాగానే కట్టేస్తానని మాటిచ్చాడు.

దసరా పోయింది, సంక్రాంతి పోయింది. ఒకరోజు కూలి మానుకుని అమ్మ కాలేజీకి వెళ్లింది.

"బాబూ, మా గుంటడి డబ్బులెప్పుడొస్తాయి బాబూ?"

"బిల్లు అవలేదు. వచ్చినప్పుడు బోర్డు మీద పేరేస్తాం. నువ్వు రావక్కర్లేదు, నీకు చదవడం రాదు కదా."

పరీక్ష ఫీజుకి మాత్రం బోర్డు మీద తారీకుంది. అది దాటితే అపరాధ రుసుం, ఇంకా దాటితే ఇంకో రుసుం. ఆ తారీకులు చూసి అన్న సెలవు పెట్టి చెరుకు నరకడానికి పోయాడు. హాజరు తగ్గింది. హాజరు తగ్గితే స్కాలర్‌షిప్పు ఆగుతుందన్నారు. స్కాలర్‌షిప్పు రాకే కదా కూలికి పోయింది అని అడగడానికి ఏ కాలమ్‌లోనూ చోటు లేదు. ఎలాగో ఆ ఏడు పరీక్షలు రాశాడు గానీ మూడో ఏడు ఫీజుకి రెండో అప్పు పుట్టలేదు. 2004 జూన్‌లో పోర్టులో కాంట్రాక్టు కళాసీగా చేరిపోయాడు. ఆగస్టులో బోర్డు మీద పేరు పడింది. డబ్బు వచ్చింది, అన్న కాలేజీలో లేడు.

ఈ లెక్క నేను మా బడి పిల్లలకి వడ్డీ లెక్కలు చెప్పేటప్పుడు చేయిస్తాను, పేరు చెప్పకుండా. 2,000 అసలు, నూటికి నెలకు మూడు, పద్నాలుగు నెలలు. వడ్డీ 840. మొత్తం కట్టింది 2,840. ప్రభుత్వం ఇచ్చింది 1,850. పిల్లలు టక్కున అడుగుతారు: "మరి ఆ 840 ఎవరిచ్చారు మేడం?" ఆ ప్రశ్న ఏ కమిటీ రిపోర్టు కంటే గొప్పది. స్కాలర్‌షిప్పు ఆలస్యమంటే డబ్బు తర్వాత రావడం కాదు. డబ్బు తగ్గడం. ప్రభుత్వం చదువుకి అసలిస్తది, వడ్డీ మా అమ్మ నడుం ఇస్తది. కాయితం మీద మేం సాయం పొందినవాళ్లం. నిజానికి ప్రభుత్వం బాకీకి పద్నాలుగు నెలలు పూచీపడ్డవాళ్లం.

నేను ఇంటర్ 2006లో, డిగ్రీ 2009లో పూర్తిచేశాను. ఎలా చేశానంటే, నెల ఐదో తారీకున అన్న కూలి డబ్బు ఇంటికొచ్చేది. అందులో నా బస్సు పాసు, నా ఫీజు. మా ఇంట్లో తారీకు తప్పని స్కాలర్‌షిప్పు అదొక్కటే. ఒక బిడ్డ చదువు మరో బిడ్డ వీపు మీద నడిచింది. 'మొదటి తరం పట్టభద్రురాలు' అని నా గురించి సభల్లో చెబుతుంటారు. ఆ మాట వెనక రెండో ఏడులో ఆగిపోయిన పట్టభద్రుడు ఒకడున్నాడని ఎవరూ చెప్పరు. మా పేటలో ఏ ఇంటి తలుపు తట్టినా అలాంటి అన్నో, అప్పో ఉంటారు.

2008లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటుని వెనకబడిన తరగతులకీ, ఇతర పేదలకీ పెద్ద ఎత్తున విస్తరించింది. ఎస్సీ, ఎస్టీలకి పోస్ట్ మెట్రిక్ పథకంలో ట్యూషన్ ఫీజు అంతకు ముందే ఉంది. ఇంజనీరింగు మెట్లెక్కని పేటల పిల్లలు ఎక్కారు. ఇది చిన్న సంగతి కాదు, ఎవరు చేసినా మంచిని మంచనాలి. కానీ 'రీయింబర్స్‌మెంటు' అనే మాటలోనే మోసం ఉంది. ముందు ఎవడో కట్టాలి, తర్వాత ప్రభుత్వం తిరిగిస్తది. ఆ ముందు కట్టేవాడెవడు? కాలేజీ యజమాని కట్టుకోడు. బీరువాలో మా సర్టిఫికెట్లు పెట్టుకుని తాళమేస్తాడు. నేను ఒక ప్రైవేటు కాలేజీలో బి.ఎడ్. పూర్తిచేసినప్పుడు నా టీసీ, మార్కుల జాబితాలు అలాగే తాళంలో పడ్డాయి. అన్న మళ్లీ అప్పు చేసి విడిపించాడు. 2012 డీఎస్సీకి ఆ కాయితాలే చూపించాను. ఆళ్లకి ప్రభుత్వం నుంచి డబ్బొచ్చాక మాకు తిరిగిచ్చింది సగమే.

ఆలస్యం ఎక్కడ పుడతదో తెలుసుకోడానికి ఉద్యోగమొచ్చాక నేను ఆఫీసుల చుట్టూ చాలా తిరిగాను, నా పాత పిల్లల కోసం. చదువుల ఏడాది జూన్ ప్రాంతంలో మొదలవుతుంది. బడ్జెట్ ఏడాది మార్చితో చచ్చిపోతుంది. మధ్యలో కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆన్‌లైన్ దరఖాస్తు, కాలేజీ పరిశీలన, సంక్షేమ శాఖ పరిశీలన, బడ్జెట్ విడుదల ఉత్తర్వు, బిల్లు, ట్రెజరీ. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో నెల. చివరికి మార్చిలో ట్రెజరీ ఆంక్షలు పెడితే బిల్లు మురిగిపోతది. మళ్లీ ఏప్రిల్‌లో మొదటి బల్ల. ఏ బల్ల దగ్గరా తప్పు చేసినవాడు దొరకడు. కులం పేరు పెట్టి తిట్టినవాడి మీద కేసు పెట్టొచ్చు. మురిగిపోయిన బిల్లు మీద ఏ సెక్షన్ కింద పెడతాం?

పై నుంచీ అదే తీరు. చాలా కాలం కేంద్రం వాటాకి 'కమిటెడ్ లయబిలిటీ' అనే లెక్కుండేది. పథకానికి ముందే తేల్చిన ఒక మొత్తం దాకా రాష్ట్రమే భరించాలి, దాని పైన పడేది కేంద్రం ఇస్తది. 2017-18 నుంచి 2019-20 దాకా ఈ లెక్కలో కేంద్రం దేశం మొత్తానికి ఇచ్చింది ఏడాదికి సుమారు 1,100 కోట్లు. రాష్ట్రాలు మా వల్ల కాదన్నాయి. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆ లెక్క తీసేసి 60:40 వాటా పెట్టింది. అయిదేళ్లకి 59,048 కోట్లు, అందులో కేంద్రానిది 35,534 కోట్లు అని ప్రకటించింది. 2021-22 నుంచి కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో పడాలి. కానీ రాష్ట్రం తన 40 వేశాకే కేంద్రం 60 వేస్తది. ఒకరి వెనక ఒకరు నిలబడితే ఇద్దరి వెనకా మా పిల్ల నిలబడతది. కొత్త రేట్లలో ఇంటి నుంచి వెళ్లొచ్చే డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 3,000. అన్న కాలం నాటి 1,850 నుంచి పద్దెనిమిదేళ్లలో పెరిగింది అంత.

మన రాష్ట్రంలో 2020లో విద్యాదీవెన, వసతిదీవెన అని పేర్లు పెట్టారు. 2021 నుంచి ఫీజు డబ్బు మూడు నెలలకోసారి తల్లి ఖాతాలో వేస్తామన్నారు. తల్లి చేతికి డబ్బు రావడం నాకు నచ్చింది. కాలేజీ మెట్ల మీద నిలబెట్టి పంపిన మా అమ్మ గుర్తొచ్చింది. అయితే వాయిదాలు బటన్ నొక్కే సభల కోసం కాచుకున్నాయి. 2024లో మే 13 పోలింగు అయ్యేదాకా విద్యాదీవెనతో సహా కొన్ని పథకాల డబ్బు వేయొద్దని ఎన్నికల సంఘం చెప్పింది. ఎన్నికల తర్వాత ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం ఫీజు డబ్బు మళ్లీ కాలేజీలకే ఇస్తామంది. పాత బకాయి మీదంటే మీదని ఇద్దరూ వాదులాడుకున్నారు. తెలంగాణలోనూ ఇదే పరిస్థితి. 2025 నవంబరులో అక్కడి ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బకాయిల కోసం కాలేజీలు మూసేసి బంద్ చేశాయి. యజమానులకి బంద్ చేసే బలముంది. పిల్లలు చేయగలిగింది చదువు మానడమే.

నా దగ్గర పదో తరగతి చదివిన గుంట ఒకతె ఆ 2024లోనే ఇంజనీరింగు ముగించింది. వాళ్ల అమ్మ తాపీపనికి వెళ్తది. కాలేజీలోకి వచ్చిన కంపెనీలో ఉద్యోగమూ ఖాయమైంది. చేరే రోజుకి సర్టిఫికెట్లు చూపించమన్నారు. కాలేజీ బకాయి కట్టి తీసుకుపొమ్మంది. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లు పట్టుకోకూడదని 2018లోనే యూజీసీ చెప్పింది. ఆ కాయితం ప్రింటు తీసి గుంట చేతికిచ్చి పంపాను. "మీ మేడాన్నే వచ్చి కట్టమను" అన్నారట. వాళ్లమ్మ డ్వాక్రా సంఘంలో అప్పు తీసేసరికి చేరే తారీకు దాటిపోయింది. కంపెనీకీ తారీకుంది మరి. ఇప్పుడా పిల్ల అచ్యుతాపురం సెజ్‌లో కాంట్రాక్టు పనికి పోతుంది. మొన్న బస్టాండులో కనబడి "బాగున్నాను మేడం" అంది. ఇరవై ఏళ్ల క్రితం పోర్టు గేటు, ఇప్పుడు సెజ్ గేటు.

ఆలస్యానికి పరిహారం అనేది ఈ దేశానికి తెలీని సంగతా? కాదు. ఆదాయపు పన్ను ఎక్కువ కట్టినవాడికి తిరిగిచ్చేది ఆలస్యమైతే ప్రభుత్వం నెలకి అర శాతం వడ్డీ ఇస్తది. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం సరుకు తీసుకున్నవాడు 45 రోజులు దాటించాడో, బ్యాంకు రేటుకి మూడింతలు వడ్డీ కట్టాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద కూడా కూలి పదిహేను రోజులు దాటితే రోజుకి నూటికి 0.05 వంతు పరిహారమని రాశారు. మట్టి తవ్వే మా అమ్మకి కాయితం మీదైనా దొరికిన ఆ హక్కు, పుస్తకం పట్టిన ఆమె బిడ్డకి దొరకలేదు. ఎందుకంటే వ్యాపారికిచ్చేది బాకీ, పన్ను కట్టేవాడికిచ్చేది బాకీ, మాకిచ్చేది మాత్రం ఇంకా దయే. 1944లో దయ పోయిందనుకున్నాం. పద్దులోంచి పోయింది, మనసులోంచి పోలేదు.

హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న గుంటూరు బిడ్డ రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. ఆఖరి ఉత్తరంలో తనకి ఏడు నెలల ఫెలోషిప్పు, లక్షా డెబ్బై అయిదు వేలు, రావాలని రాశాడు. దాన్ని ఇంటికి చేర్చమని, అందులోంచి ఒక స్నేహితుడి బాకీ తీర్చమని కోరాడు. ఆ చావుకి కారణాలు ఎన్నో ఉన్నాయి, ఒక్క డబ్బుకి ముడిపెట్టను. కానీ రావాల్సిన ఫెలోషిప్పూ తీర్చాల్సిన బాకీ ఒకే చోట రాసిన ఆ లెక్క చూశాక మా అయ్య లెక్క గుర్తొచ్చింది. మన ప్రతి ఇంట్లోనూ ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి.

ఇన్నాళ్లకి ఒక కదలిక వచ్చింది. కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యల మీద 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఒక జాతీయ టాస్క్‌ఫోర్సు వేసింది. 2026 జనవరిలో అదే కేసులో, పెండింగులో ఉన్న స్కాలర్‌షిప్పులన్నీ నాలుగు నెలల్లో తీర్చాలని చెప్పింది. స్కాలర్‌షిప్పు రాలేదని పిల్లల్ని పరీక్షకి ఆపకూడదని, హాస్టలు నుంచి పంపకూడదని, మార్కుల జాబితాలు, డిగ్రీలు పట్టుకోకూడదని చెప్పింది. 1944 నుంచి లెక్కేస్తే 82 ఏళ్లకి దేశంలో పెద్ద కోర్టు మన డబ్బుకి ఒక గడువు పలికింది. సంతోషమే. అయితే అది పాత బకాయికి పెట్టిన గడువు. వచ్చే జూన్‌లో చేరే పిల్లకి ఏ తారీకున పడతదో, పడకపోతే వడ్డీ ఎవరు కడతారో ఇంకా ఎవరూ చెప్పలేదు. యూజీసీ కాయితానికి పట్టిన గతి చూశాం కాబట్టి, ఉత్తర్వు ఉంటే చాలదని కూడా మనకి తెలుసు.

మా సబ్బవరంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. దానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. ఈ దేశంలో ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన మొదటి దళితుడు, 1960లో. మా మండలంలో మన పేరు ఇంత పెద్ద అక్షరాల్లో మరే బోర్డు మీదా లేదు. ఆ గేటు ముందు నుంచే మా బడి పిల్లలు బస్సుల్లో పోతుంటారు. వాళ్లలో ఎవరో ఒకరు లోపల న్యాయశాస్త్రం చదవాలి, చదివి ఈ కేసు వేయాలి. స్కాలర్‌షిప్పు బిచ్చం కాదు, బాకీ అని. బాకీకి తారీకుండాలని, తారీకు దాటితే వడ్డీ ఉండాలని.

అందాకా నేను చేయగలిగింది ఒకటి చేస్తున్నాను. పదో తరగతి దాటి వెళ్లే ప్రతి పిల్లకీ ఒక చిన్న నోటుపుస్తకం కొనిచ్చి చెబుతున్నాను: "దరఖాస్తు పెట్టిన తారీకు రాయి. కాలేజీ పంపిన తారీకు రాయి. డబ్బు పడిన తారీకు రాయి. మధ్యలో మీ అమ్మ తెచ్చిన అప్పు, దాని వడ్డీ రాయి." నాలుగేళ్ల నుంచి వస్తున్న పుస్తకాలు మా ఇంట్లో అలమరా నిండా ఉన్నాయి. మనకి ఎంత ఇచ్చారో లెక్క ప్రభుత్వం దగ్గరుంది. మనం ఎంత కట్టామో లెక్క వీటిలో ఉంది. మీ పేటల్లోనూ రాయించండి.